ఆరో నంబరు షాపు ముందు గుంట

మా వీధిలో ఆమెను అందరూ కళ్ళజోళ్ళమ్మ అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూసేది. ఆరో నంబరు షాపు ఆమె తండ్రి పెట్టింది. వెడల్పు ఎనిమిది అడుగులు. ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదుటి గోడకు అక్షరాల పట్టిక, మూలన అద్దాలు అరగదీసే రాయి. ఏడో నంబరులో జిరాక్సు షాపు నాది. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. పదిహేడేళ్ళు అలా పక్కపక్కన పని చేశాం కాబట్టి, ఆమె రోజుకు ఏ మాట ఎన్నిసార్లు అనేదో నాకు కంఠతా వచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇది: "కళ్ళు దించకండి. తల దించండి."

పైభాగంలో దూరం చూపు, కింది భాగంలో దగ్గర చూపు ఉండే డబుల్ అద్దాలు కొత్తగా పెట్టుకున్నవాళ్ళకు చెప్పే మాట అది. అలవాటు లేనివాళ్ళు నడుస్తూ కళ్ళు మాత్రమే దించితే, కాళ్ళ దగ్గరి నేల ఆ కింది భాగంలోంచి కనిపిస్తుంది. మసగ్గా, ఉన్నచోట లేనట్టుగా. ఒక వారం పోతే మెదడు దానంతటదే సర్దుకుంటుంది. ఆ వారమే ప్రమాదం. అందుకని ఆమె ఎవరికి కొత్త జోడు పెట్టినా, చెయ్యి పట్టుకుని షాపులోంచి ఫుట్‌పాత్ మీదకు, అక్కణ్ణుంచి మలుపు దాకా నడిపించి, మళ్ళీ వెనక్కి తీసుకొచ్చేది. "మా ఆవిడ కూడా ఇంత భద్రంగా ఎప్పుడూ నడిపించలేదమ్మా" అని ఒక ముసలాయన అంటే, "ఆవిడకి మీరెటు పోతారో తెలుసు లెండి, నాకు తెలీదు" అంది. ఆ రోజంతా మా వరసలో షాపులన్నీ ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాయి.

ఆ ఫుట్‌పాత్ కింద మురుగుకాలువ, దాని మీద సిమెంటు పలకలు. ఎదురుగా ఇల్లు కట్టేవాళ్ళ కోసం ఇటుకలు తెచ్చిన లారీ ఒకటి వెనక్కి వస్తూ ఆరో నంబరు ముందున్న పలక మీదకు ఎక్కింది. మొదటి రోజు మూల విరిగింది. వారం తిరిగేసరికి సగం పలక కాలువలో పడింది. మిగిలిన సగంలోంచి రెండు ఇనప ఊచలు బయటికి పొడుచుకొచ్చాయి. గుంట మోకాలి లోతుంటుంది.

మొదటి రోజునే ఆమె ఫొటో తీసి, మునిసిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు చేసింది. వెంటనే ఒక నంబరు వచ్చింది. తొమ్మిదో రోజున సందేశం వచ్చింది. ఫిర్యాదు పరిష్కరించబడినదనీ, తమ సేవలు ఎలా ఉన్నాయో తెలుపమనీ. ఆమె గుమ్మంలోకొచ్చి చూసింది. గుంట గుంటలాగే ఉంది. అందులో ఎవరో పారేసిన నీళ్ళ సీసా ఒకటి కొత్తగా చేరింది.

మర్నాడు షాపు అరపూట మూసి ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి గుమాస్తా కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

"పని అయిపోయిందమ్మా. ఇదిగో ఫొటో, చూసుకోండి."

కొత్త పలక, తడి సిమెంటు, వెనకాల నీలం రంగు గేటు.

"మా వీధిలో నీలం గేటు లేదండీ."

"లేకపోతే ఫొటోలోకి ఎలా వస్తుందమ్మా?"

ఆ సంగతి ఇంటికెళ్ళి భర్తకు చెబితే ఆయన పడీపడీ నవ్వాడట. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "రోజూ నాలుగొందల గుంటలు దాటుకుంటూ వస్తాను, ఒక్కదాని మీదా నాకు కోపం రాలేదు. నువ్వేమో ఒక్క గుంటతో కాపురం పెట్టావు" అన్నాడట. ఆమే నాకు చెప్పింది, నవ్వుతూనే. అప్పటికింకా నవ్వేది.

ఐదు నెలల్లో ఏడు ఫిర్యాదులు పెట్టింది. మూడు యాప్‌లో, నాలుగు కాగితం మీద. కాగితాలన్నిటికీ కాపీలు తీసింది నేనే. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటీ ఉండేది కాదు. గుంట పొడవెంత, వెడల్పెంత, ఊచలు ఎంత పైకి లేచాయి, స్కూలు పిల్లలు ఏ సమయంలో నడుస్తారు, అన్నీ ఉండేవి. తన షాపుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చూపు సరిగా ఆననివాళ్ళనీ, ఈ వీధి మొత్తంలో గుంట ఉండకూడని చోటంటూ ఒకటుంటే అది ఇదేననీ రాసేది. జవాబుగా నంబర్లు వచ్చేవి. ఈలోగా కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, వీపుకు ఎర్రగుడ్డ కట్టి, గుంటలో నిలబెట్టింది. ఆ కుర్చీని చూసి అందరం పక్కకు తప్పుకుని నడిచేవాళ్ళం.

డ్రాయింగు మాస్టారి సంగతి ఇక్కడ చెప్పాలి. మా వీధి చివర ఇల్లు. బడిలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. డెబ్భై నాలుగేళ్ళు. సాయంత్రం పూట షాపుల బోర్డులు చూసుకుంటూ నడిచేవారు. అక్షరం వంకరగా ఉంటే లోపలికొచ్చి మరీ చెప్పేవారు. మా బోర్డులో 'క్స' వత్తు చిన్నదైందని మూడేళ్ళపాటు నన్ను సాధించారు. రెండు జోళ్ళు మార్చి మార్చి పెట్టుకోవడమే తప్ప డబుల్ అద్దాలంటే ఒప్పుకునేవారు కాదు. చివరికి భార్య పోరు పడలేక సరేనన్నారు.

జోడు తీసుకోవడానికి ఆయన వచ్చిన సాయంత్రం నాకు కాగితం బండిల్స్ వచ్చాయి. తోపుడుబండి గుమ్మం దాకా రావడానికి కుర్చీ అడ్డంగా ఉంది. తీసి గోడ పక్కన పెట్టాను. బండిల్స్ దించాం, బండి వెళ్ళిపోయింది, నేను లోపల లెక్కచూసి పేర్చుకుంటున్నాను. కుర్చీ గోడ పక్కనే ఉండిపోయింది.

గోడ అవతలి మాటలు నాకు స్పష్టంగా వినపడుతున్నాయి. ఎవరో తల్లి పిల్లకు కళ్ళు పరీక్ష చేయిస్తోంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఒక్క నిమిషం కూర్చోండి మాస్టారూ, నేనొచ్చి దాటిస్తాను."

"నన్ను దాటించడమేమిటమ్మా? కొత్త కళ్ళు పెట్టావుగా!"

తర్వాత నేను విన్నది మాట కాదు. తడి కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు.

మేం బయటికి ఉరికేసరికి ఆయన ఒక కాలు గుంటలో, ఒళ్ళంతా ఫుట్‌పాత్ మీద పడి ఉన్నారు. కళ్ళజోడు చెక్కుచెదరలేదు. ముఖం మీదే ఉంది. "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటున్నారు కానీ లేవలేకపోయారు. కాలు మెల్లగా పైకి తీశాక, కళ్ళజోళ్ళమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది. అంబులెన్సు వచ్చేలోగా నేను చేసిన పని ఒకటి ఉంది. కుర్చీని తీసుకెళ్ళి మళ్ళీ గుంటలో పెట్టాను. ఎవరూ గమనించలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు.

ఆ వారం ఆమె ఎనిమిదో ఫిర్యాదు రాసింది, నాలుగు పేజీలు. మొత్తం చదివాను. రెండో పేజీలో, ఆయన అదే రోజు, అదే నిమిషంలో మొదటిసారి డబుల్ అద్దాలు పెట్టుకుని బయటికొచ్చారనీ, అలాంటివాళ్ళకు నేల ఎలా కనిపిస్తుందనీ వివరంగా ఉంది. కాపీలకు ఆమెతో పాటు భర్త కూడా నా షాపుకు వచ్చాడు.

"ఈ ముక్క కొట్టేసెయ్. వాళ్ళ చేతికి నువ్వే కర్ర అందిస్తున్నావు."

"జరిగిందేగా రాశాను?"

"జరిగిందంతా రాయాలని ఎవరన్నారు?"

"అందుకేగా ఇక్కడ గుంట ఉండకూడదని మొత్తుకుంటున్నది! ఆ ముక్క తీసేస్తే ఇంకేం మిగిలింది?"

ఆయన నా వైపు చూశాడు. నేను మిషను మూత ఎత్తి అద్దం తుడిచాను.

ఈసారి ఇంజనీరు వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, మర్యాదస్తుడే. టేపు పెట్టి గుంట కొలిచాడు. కొలిచాక ఆ టేపు చుట్టకుండానే ఆమె షాపు మెట్టు కొలిచాడు, నా షాపు ముందు నేను పోయించుకున్న సిమెంటు వాలు కొలిచాడు.

"ఇవి ఫుట్‌పాత్ మీదకి అడుగున్నర వచ్చాయండీ. తెలుసుగా?"

తెలుసన్నాను.

"ఆయన పడినప్పుడు మీరు చూశారా? అక్కడేదైనా అడ్డం పెట్టి ఉందా?"

నా షాపుకు నడవలేనివాళ్ళు, బళ్ళు, బండిల్స్, అన్నీ ఆ వాలు మీదుగానే రావాలి. దాన్ని కొట్టేస్తే నా పని సగం ఆగిపోతుంది. అది ఒక కారణం. కుర్చీ రెండో కారణం.

"లోపల మిషను దగ్గర ఉన్నానండీ. నేనేం చూడలేదు."

కళ్ళజోళ్ళమ్మ నా పక్కనే నిలబడి ఉంది. నిజంగానే చూడలేదనుకుంది. "అన్నయ్య లోపలే ఉన్నారండీ పాపం" అని ఆమె కూడా అంది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఒక పేజీ. ఆమె గట్టిగా చదివింది, గోడ ఇవతల నేను విన్నాను: "సదరు వృద్ధుడు నూతనముగా ధరించిన కళ్ళద్దములకు అలవాటుపడనందున అడుగు తప్పి పడిపోయినట్లు విచారణలో తేలినది. ఈ విషయమును కళ్ళద్దములు విక్రయించిన ఫిర్యాదుదారే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. కావున ఫిర్యాదు ముగించడమైనది." చదవడం అయిపోయింది. తర్వాత రాయి తిరగడం మొదలైంది. ఆ పూట ఆమె దగ్గర అరగదీయాల్సిన అద్దాలేవీ లేవని నాకు తెలుసు.

ఆ కాగితం కాపీ మాస్టారి ఇంటికి కూడా వెళ్ళింది. రెండు రోజులకు మాస్టారి భార్య వచ్చింది. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. జోడు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నీ అద్దాల వల్ల పడ్డారటగా. నువ్వే రాసిచ్చావట."

"పిన్నిగారూ, నేను రాసింది అలా కాదు..."

"రాసింది నువ్వేనా, కాదా?"

"నేనే."

"వద్దు మొర్రో అంటున్న మనిషిని డబుల్ అద్దాలు పెట్టుకోమని నేనే పోరు పెట్టాను. నీ మీద నమ్మకంతో." జోడు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మాట వీధిలో పాకడానికి ఎంతసేపు? మందుల షాపు దగ్గర ఒకరన్నారు, బేకరీ దగ్గర ఇంకొకరన్నారు. ఆమె అద్దాల నంబరు తప్పు పెట్టిందన్నారు. కళ్ళు పాత మిషను మీద చూస్తుందన్నారు. మలుపు అవతల పెద్ద కళ్ళజోళ్ళ షాపు ఒకటుంది, జనం అటు మళ్ళారు. ఆమె మాత్రం వారం వారం మాస్టారిని చూడ్డానికి వెళ్ళేది. మాస్టారి భార్య తలుపు తీసి పక్కకు తప్పుకునేది కానీ, రమ్మని అనేది కాదు.

ఒకసారి అలా వెళ్ళి వచ్చి, తన షాపుకు కాకుండా నా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఇవాళ ఆయన్ని అడిగేశాను. మాస్టారూ, గుంట కనపడలేదా అని."

"ఏమన్నారు?"

"కనపడిందమ్మా, ఉన్నచోటుకంటే కాస్త అవతల కనపడింది అన్నారు." అరచేతులు చూసుకుంది. "అంటే నా అద్దాలే కదా. రిపోర్టు తప్పేం రాయలేదు కదా."

"పిచ్చిమాట. గుంట లేకపోతే ఎక్కడ కనపడితే ఏం?"

"అద్దాలు లేకపోతే గుంట ఉండి ఏం?"

అప్పుడు కుర్చీ మాట చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరో ఆధార్ కాపీ కావాలని వచ్చారు, లేచాను.

మాస్టారు మళ్ళీ నడవలేదు. మంచం మీద ఉండి ఉండి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. వానలు మొదలయ్యే ముందే పోయారు.

ఆ తర్వాత ఆమెను చూస్తే భయం వేసేది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. వీధిలోని ఇరవై రెండు షాపుల సంతకాలతో కమిషనరుకు అర్జీ పెడతానని కాగితం పట్టుకుని బయల్దేరింది. అందరూ టీ ఇచ్చారు, అయ్యో అన్నారు. ఒక్కొక్కళ్ళకీ ఫుట్‌పాత్ మీదకు ఒక మెట్టో, రేకో, వాలో ఉంది. టేపు సంగతి అందరికీ తెలిసింది. చివరికి నా దగ్గరికి వచ్చింది.

"కాపీలు ఎన్ని కావాలన్నా తీసిస్తాను చెల్లెమ్మా" అన్నాను.

ఆమె కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. అర్జీ మీద రెండే సంతకాలు. ఒకటి తనది, ఇంకొకటి భర్తది. అర్జీల రోజున పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకుని కూర్చుంటే, సాయంత్రానికి పిలుపొచ్చిందట. కమిషనరు ఫైలు తిరగేసి, "ఇది ముగిసిపోయిందిగా అమ్మా" అన్నాడట. "ముగిసిన మనిషి ఒకరున్నారండీ, గుంట ముగియలేదు" అని ఆమె అంటే, తరవాతి టోకెన్ నంబరు పిలిచారట.

గుంట పూడింది మాత్రం మూడు నెలల తర్వాత. మా వరసలో కొత్త బ్యాంకు శాఖ తెరుస్తున్నారు, పెద్దవాళ్ళెవరో వస్తున్నారు. ముందురోజు పొద్దున్నే నలుగురు మనుషులు దిగి, ఊచలు కోసేసి, కొత్త పలక దింపారు. గంటలో పని అయిపోయింది. కళ్ళజోళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మేస్త్రీని అడిగింది.

"ఏ ఫిర్యాదు మీద వేస్తున్నారు బాబూ ఇది?"

"ఫిర్యాదేంటమ్మా? రేపు ఓపెనింగుందిగా!"

ఆ కొత్త పలక పక్కదానికంటే రెండంగుళాలు ఎత్తుగా కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక ఆమె వంగి, ఆ అంచు మీద వేలు పెట్టి చూసింది. ఫోను తీసింది. ఫొటో తీసింది కూడా. కాసేపు తెర వైపు చూస్తూ నిలబడి, ఫోను చేతిసంచిలో పడేసుకుని, లోపలికి వెళ్ళి కూర్చుంది. ఆ నెలాఖరుకే షాపు ఎత్తేస్తున్నానని చెప్పింది.

సామాను సర్దే రోజు నేను సాయానికి వెళ్ళాను. ఫ్రేములు పాత దినపత్రికల్లో చుట్టి పెట్టెలో పేరుస్తున్నాం. అక్షరాల పట్టిక తీసిన చోట గోడ తెల్లగా ఉంది. ఇక ఆగలేకపోయాను.

"చెల్లెమ్మా, ఆ రోజు కుర్చీ తీసి పక్కన పెట్టింది నేనే. బండి కోసం. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను."

ఆమె చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న ఫ్రేము కాళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఇంజనీరు అడిగినప్పుడు..."

"చెప్పలేదు."

"ఊఁ."

ఆ ఫ్రేమును పత్రికలో చుట్టి పెట్టెలో పెట్టి, మళ్ళీ అంది: "అప్పుడు మీరు చెప్పినా రిపోర్టులో నా పేరు బదులు మీ పేరు రాసుకునేవాళ్ళు. అంతకంటే ఏం జరిగేది కాదు." పెట్టె మూత వేసింది. "అయినా చెప్పాల్సింది అన్నయ్యా. ఏడాదిపాటు ఆ పాపమంతా నాదేననుకున్నాను. సగం మీరు మోస్తే ఎంత తేలిగ్గా ఉండేదో."

నేనేదో అనబోయాను. "ఆ టేపు ఇలా అందించండి" అంది. పెట్టె అంటించేసింది.

ఇప్పుడు ఆరో నంబరులో ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. కుర్రకారు కాబట్టి ఆ రెండంగుళాల అంచు తగిలినా తూలి నిలదొక్కుకుంటారు. పెద్దవాళ్ళు ఇద్దరు మోకాళ్ళ మీద పడగా చూశాను. యాప్ నా ఫోన్లో కూడా ఉంది. ఒకసారి తెరిచాను. పేరు, షాపు నంబరు రాయమంది. మూసేశాను. నా వాలు ఇంకా అలాగే ఉంది.

ఆరు నెలల క్రితం బస్టాపులో ఆమె కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. మలుపు అవతలి పెద్ద షాపువాళ్ళకు ఊరి చివర అద్దాలు అరగదీసే కార్ఖానా ఉందట, అందులో పని. భర్త రిటైరయ్యాడట. మాస్టారి భార్య ఎలా ఉందని అడిగాను. కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని చెప్పింది.

"పని బాగుందా చెల్లెమ్మా?"

"బాగుంది అన్నయ్యా. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. చీటీ మీద నంబర్లు వస్తాయి, అరగదీసి డబ్బాలో పెట్టేస్తాను. అవి ఎవరు పెట్టుకుంటారో, ఎటు నడుస్తారో నాకు తెలీదు."

మామూలుగానే చెప్పింది. కూరల ధరల గురించి చెప్పినట్టు. ఇంతలో బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. నేను వెళ్ళాల్సిన బస్సు కూడా అదే. ఎక్కలేదు.